సింగారి చుక్కలు, గంభీరుడి మరకలు

దగ్గరగా జరగండి పిల్లలూ. ఆ దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిన అడవి ఒకటుండేది. పేరు జీడికోన. అందులో దుప్పులు, చుక్కల్లేని పెద్ద జింకలైన కణుజులు, కుందేళ్ళు, ఓ ముసలి ఎలుగుబంటి ఉండేవి.

వేసవిలో కోనంతటికీ ఒకటే మడుగు. నీళ్ళు పాడవకూడదని ఓ కట్టుబాటు పెట్టుకున్నాయి. ఒంటి మీద మరక ఉంటే ఇసుకలో పొర్లి వదిలించుకోవాలి. ఆ తర్వాతే మడుగులో దిగాలి.

సింగారి అనే దుప్పి వస్తే అందరి కళ్ళూ దాని తెల్లచుక్కల మీదే. "మల్లెలు చల్లినట్టుందే!" అనేవి కుందేళ్ళు. ఆ మాట వింటే గంభీరుడనే కణుజుకు మేత సయించేది కాదు. ఇంత ఎత్తు, ఇంతేసి కొమ్ములు, తనను ఒక్కరూ చూడరేం?

ఒకరోజు మడుగుకొస్తున్న నిండుచూలాలైన సింగారికి అడ్డం నిలబడ్డాడు.

"ఆగమ్మా! ఒళ్ళంతా మరకలేసుకుని ఎక్కడికి?"

"అన్నా, ఇవి చుక్కలు."

"పొర్లి చూపించు మరి!"

పాపం, ఒళ్ళు మండేదాకా పొర్లింది. చుక్కలు పోలేదు. "మరకలే కాబోలు" అని గుసగుసలాడాయి అన్నీ. సింగారి ఎండిన నాలుకతో పొదలోకి వెళ్ళి, అక్కడే బిడ్డను కంది. చుక్క నీరు లేక పాలు రాలేదు. తూలుతూ బిడ్డతో తిరిగి వచ్చింది.

ఎలుగుబంటి బిడ్డను నిమిరి చూసింది. దాని ఒంటి మీదా తెల్లచుక్కలే!

"ఏరా గంభీరా, మరకంటే ఎక్కడినుంచో వచ్చి అంటుకోవాలి. కాయ రసమో, బురదో, నెత్తురో. ఇప్పుడే పుట్టిన పసిదానికి ఏం అంటుకుందిరా? ఇవి దేవుడిచ్చిన పుట్టుమచ్చలు. తాగు తల్లీ!"

కుళ్ళుబోతుకు బుద్ధి వస్తుందా? 'నాకూ చుక్కలుంటే సరి' అనుకున్నాడు గంభీరుడు. జీడిచెట్టు కింద కాయలు తొక్కి, ఆ రసంలో పొర్లాడు. ఒళ్ళంతా నల్లటి మరకలు పడ్డాయి. దురద, మంట, బొబ్బలు! ఇసుకలో ఎంత పొర్లినా ఒక్క మరకా వదల్లేదు.

మూలుగుతూ మడుగుకొచ్చాడు. "కట్టుబాటు నువ్వు గుర్తుచేసిందే కదయ్యా!" అన్నాయి కుందేళ్ళు.

బిడ్డకు పాలిస్తున్న సింగారి తలెత్తి ఎలుగుబంటిని చూసింది. "అందరూ తాగాక చివర్నైనా తాగనివ్వండి తాతా. దాహం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

గంభీరుడు తల దించుకుని, ఆఖరున తాగాడు.

నీతి: ఎదుటివారి అందానికి మరక అని పేరు పెట్టే అసూయ, చివరికి తన ఒంటికే మరక పూసుకుంటుంది.