మొండి మైలడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒక మంత్రగాడు కోపమొచ్చి వాళ్లమ్మను రాతిబొమ్మ చేసేశాడు. వాడి ప్రాణం ఏడు కొండల అవతల, గుహలో ఉన్న చిలకలో ఉంది. పున్నమిలోగా ఆ చిలకను చంపితే సరే, లేదంటే రాణి ఎప్పటికీ రాయే!

పెద్దవాళ్లిద్దరూ గుర్రాలెక్కి వెళ్లారు. రాళ్లల్లో గుర్రాల కాళ్లు విరిగితే ఏడుస్తూ వెనక్కొచ్చారు. చిన్నవాడు జయకేతు, ఎద్దుల మీద ఉప్పు తోలే గురవమ్మ దగ్గరికెళ్లి ఆ కొండల దారి ఎరిగిన మైలడనే ఎద్దును అడిగాడు. ఆ కొండల్లో చుక్క నీరు దొరకదు. తిత్తులతో నీళ్లూ, తిండి మూటలూ మోయాలిగా మరి!

"బాబూ, ఆగిన చోటల్లా మూటలు దించు. మూటల కింద వీపు మీద వేసే ఈ గంత తీసి, వీపు తడిమి చూడు" అంది గురవమ్మ.

"అలాగే అవ్వా" అన్నాడు. అన్నాడంతే! దించడం, మళ్లీ కట్టడం... అమ్మ రాయై ఉంటే అంత తీరికెక్కడిది వాడికి?

మొదటి కొండ మీద మైలడు కూలబడ్డాడు. బతిమాలితే లేచాడు. మూడో కొండ మీద కూలబడ్డాడు. బెల్లం పెడితే లేచాడు. ఐదో కొండ మీదా కూలబడేసరికి జయకేతు కర్ర తీసుకుని బాదాడు. "మొండి ఘటమా! లేస్తావా లేవవా?"

అప్పుడు మైలడు నోరు విప్పాడు. "గంత తియ్యి బాబూ."

తీశాడు. గంతతో పాటు తోలూ ఊడొచ్చింది. అయ్యో, వీపంతా పుండే!

"ముందే చెప్పొచ్చుగా!" అని భోరుమన్నాడు జయకేతు.

"కూర్చున్నానుగా బాబూ. మేం చెప్పడం అలాగే."

జయకేతు మూటలన్నీ తన భుజానికెత్తుకున్నాడు. దారి తెలిసింది మైలడికే కాబట్టి, పాపం, కుంటుతూ ముందు నడిచాడు. గుహ దగ్గరికొచ్చేసరికి ఇక నిలబడలేక పడిపోయాడు.

జయకేతు లోపలికెళితే, పంజరంలో చిలక నవ్వింది. "నన్ను వదిలెయ్. నీ ఎద్దును బతికిస్తాను."

జయకేతు పంజరంలో పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దాని మాట వినకు. అమ్మను తెచ్చుకో బాబూ" అన్నాడు బయట నుంచి మైలడు.

జయకేతు కళ్లు మూసుకుని చిలక మెడ విరిచాడు. బయటికి పరిగెత్తాడు. మైలడికి ఊపిరి లేదు.

ఇంటికొస్తే అమ్మ ఎదురొచ్చి కావలించుకుంది. "నా కోసం ఎంత కష్టపడ్డావురా తండ్రీ!"

"నేను కాదమ్మా" అన్నాడు.

తర్వాత పెళ్లి చేసుకున్నాడు, పట్టం కట్టుకున్నాడు, ముసలివాడయ్యేదాకా ఏలాడు. సుఖంగా ఉన్నాడా అంటారా? ఉన్నాడర్రా. కానీ వీధిలో ఎద్దు మెడగంట వినిపిస్తే చాలు, నిండు కొలువులో మాట ఆపేసి కళ్లు తుడుచుకునేవాడు.