కోటలోకి నడిచొచ్చిన ఎరువు

పూర్వం ఒక రాణిగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విరజాజి మొక్కలు అంతఃపురం కుండీల్లో వాడిపోసాగాయి. కుండీల్లో మట్టి రాయిలా గట్టిపడిపోయింది. పశువుల ఎరువు కలిపితే గానీ బతకవన్నాడు తోటమాలి గున్నయ్య.

"ఏ మనిషీ కోటలోకి పేడ తేకూడదు," అన్నాడు కోటపాలకుడు గండరాజు. "మొక్కలు చచ్చాయో, నీ కొలువు పోతుంది."

గున్నయ్య బాగా ఆలోచించి, మర్నాడు రాణిగారి గోపూజకని ఆవును తోలుకొచ్చాడు. దాన్నెవరు ఆపుతారు? పూజ ముగిసేసరికి వాకిట్లో పేడ పడింది.

"తెచ్చావుగా!" అని అరిచాడు గండరాజు.

"నేను తేలేదు దొరా, ఆవు తెచ్చింది."

"అయితే బయట పారెయ్!"

"రాజముద్ర లేనిదే కోటలోంచి ఏదీ బయటికి పోకూడదని తమరి ఆజ్ఞే కదా! దీనిమీద ముద్ర వేయించమంటారా?"

గండరాజు పేడ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఉంచితే వాకిలి పాడు, పంపితే ఆజ్ఞ పాడు. రాణిగారేమో నవ్వు ఆపుకుంటూ ఆయన వైపే చూస్తున్నారు.

"మరి... ఎక్కడ వెయ్యమంటావు?" అన్నాడు నీరసంగా.

గున్నయ్య ఒక ఖాళీ కుండీ ముందుకు జరిపాడు. "ఇందులో మాగనిద్దాం దొరా. రేపు కూడా పూజ ఉంది."