సింహద్వారం గడప

వామనావధాని గారిని ప్రశ్న అడిగితే సూటిగా జవాబు వచ్చేది కాదు. పొడుండబ్బీ పక్కన పెట్టి, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకునేవారు. శాస్త్రం గట్టిగా చదువుకున్న శిష్యులకు అది కాస్త చిరాగ్గానే ఉండేది. నాకూ ఉండేదని ఒప్పుకుంటాను.

ఆ ఏడు కణ్వేశ్వరం క్షేత్రచరిత్ర రాసే పని మా సహాధ్యాయి శేషఫణి మీద పడింది. కుంభాభిషేకం నాటికి పుస్తకం అచ్చు కావాలి. స్వామిని కణ్వమహర్షి ప్రతిష్ఠించాడని స్థలపురాణం అంటుంది. గుడి ఒక రాణి కట్టించిందని మండపంలోని శాసనం అంటుంది. వారం రోజులు తిండి సయించక తిరిగి, చివరికి గురువుగారి ముందు కూర్చున్నాడు.

"ఈ ఊరికి మహిమ ఎవరివల్ల వచ్చిందని రాయమంటారు? ఋషివల్లా, రాణివల్లా? ఒకటి అబద్ధమైతే రెండోదాన్ని మాత్రం ఎలా నమ్మను?" అన్నాడు. పాపం, అడిగింది పుస్తకం కోసం మాత్రమే కాదు.

అవధాని గారు చెప్పిన సంగతి ఇది.

ఈ గుడి మొదట ఇక్కడ లేదు. కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు మునకలోకి వచ్చింది. గుడిని రాయి రాయి విప్పి, ప్రతి రాతికీ రంగుతో అంకె వేసి, బండ్లమీద ఈ మిట్టకు తెచ్చి మళ్ళీ పేర్చారు. ఆ పని చేయించిన శిల్పి మౌనాచారి. గొప్ప పనిమంతుడు, ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు. సింహద్వారం గడప నడిమిన జానెడు మేర గుంటపడి ఉంది. అరిగిన రాయి శిల్పానికి దోషమని దాన్ని పాత ఊళ్ళోనే వదిలేసి, మూడు నెలలు కష్టపడి నల్లరాతితో కొత్త గడప చెక్కి నిలిపాడు. ఊరంతా మెచ్చుకుంది. "నేనూ మెచ్చుకున్నాను" అన్నారు అవధాని గారు.

ప్రతిష్ఠ రెండు రోజులుందనగా సుంకమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. గుడి ముందు వీధి ఊడ్చే మనిషి. ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసేది ఆమే, అంతకు ముందు ఆమె తల్లి. వంగి కొత్త రాతిమీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"మా గడప యాడ సామీ?"

"జనం తొక్కి తొక్కి అరగదీశారమ్మా. పనికిరాదు" అన్నాడు మౌనాచారి.

సుంకమ్మకు ఒళ్ళు మండింది. "గుడి గడప ఎవురన్నా తొక్కుతారా? చేతులు పెట్టి మొక్కితే అరిగింది. మా అమ్మ కాలంలో మమ్మల్ని లోపలికి రానిచ్చినారా? ఆ గడపకే మొక్కి ఎనక్కి పోతాండె. మీకు లోపల సామి ఉండాడు. మాయమ్మకు ఆ రాయే సామి. దాన్ని నీళ్ళపాలు చేసి వొస్తిరే!" అని ఏడుస్తూ అక్కడే కూలబడింది.

అప్పటికే పాత ఊరి వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. మౌనాచారి బండి కట్టించి, నలుగురు మనుషులతో వెళ్ళి, నడుం లోతు నీళ్ళలో కాళ్ళతో తడుముతూ ఆ రాయి పట్టాడు. తెచ్చాక, తాను చెక్కిన గడపను తన చేత్తోనే పెకలించి పాతదాన్ని నిలిపాడు. సుంకమ్మ లేచి, ఆ గుంటలో అరచెయ్యి ఆనించి పసుపు రాసింది. మౌనాచారి ఆమె వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శేషఫణి తాను రాసుకొచ్చిన కాగితాలు తిరగేశాడు. తర్వాత, "గురువుగారూ, ఇది పురాణంలో లేదు. శాసనంలోనూ లేదు" అన్నాడు.

"ఎలా ఉంటుంది నాయనా? ఆ రెండూ రాసినవాళ్ళు లోపలికి వెళ్ళినవాళ్ళు" అన్నారు అవధాని గారు.