తోకకు పట్టిన శంకుస్థాపన

అనగనగా ఒక అడవి, ఆ అడవికో వాగు. వాగుకి వంతెన మాత్రం లేదు. పోయిన వానాకాలం దుప్పి చుక్కమ్మ బిడ్డ ఆ వాగులోనే కొట్టుకుపోయింది. ఈసారి వానలు పడేలోపు వంతెన కట్టాల్సిందేనని జంతువులన్నీ పట్టుబట్టాయి.

కొండముచ్చు లింగోజీకి అంతకంటే ఏం కావాలి? అడవిలోకెల్లా పొడవైన తోక వాడిది. దాన్ని కండువాలా భుజాన వేసుకుని తిరగడం తప్ప ఏనాడూ ఇంకో పని చేసి ఎరగడు.

"వంతెన నేను కట్టిస్తాను. పట్నంలో చూసి, మూటలు కూడా తెచ్చాను. ఇట్టే గట్టిపడే కాంక్రీటు! పొద్దున పోస్తే సాయంత్రానికి నడవొచ్చు," అన్నాడు.

మేస్త్రీ పని చేసే ఎలుగుబంటి గవరమ్మ మూతి తిప్పింది. "అది చిల్లులు పూడ్చుకోడానికిరా! ఇంత పొడుగు స్లాబుకి మామూలు కాంక్రీటే మేలు. పోసి, గడ్డి కప్పి, రోజూ నీళ్లు పట్టాలి. వానలకింకా వ్యవధి ఉందిగా?"

"నీ కాంక్రీటు గట్టిపడేలోపు నా మనవళ్లకి మనవళ్లు పుడతారు!" అని లింగోజీ పకపకా నవ్వాడు. జంతువులూ నవ్వాయి. గొంతు పెద్దదైతే చాలు, బుర్ర ఎంతుందని ఎవరడుగుతారు?

చుక్కమ్మ మాత్రం నవ్వలేదు. మళ్లీ ఆమె కడుపుతో ఉంది. "ఏదైనా సరే అన్నా, నిలబడేది కట్టండి," అంది.

పని మొదలుపెట్టే రోజు వచ్చింది. లింగోజీ ఒక్కటి తప్ప మూటలన్నీ ఒక్కసారే విప్పించి, ఇసుక, కంకర, నీళ్లు పోయించి పెద్ద గుట్ట కలిపించాడు.

"కొంచెం కొంచెం కలపరా! కలిపింది కలిపినట్టు పొయ్యి!" అని గవరమ్మ అరిచింది.

"ఆగవమ్మా! మొదటి తట్ట ఏనుగు దొరగారు పోయాలి. శంకుస్థాపనంటే మాటలా?" అన్నాడు లింగోజీ.

దొరగారు స్నానానికి వెళ్లారు. వేళకి వస్తే పెద్దరికం తగ్గిపోదూ! ఈలోగా లింగోజీ గుట్ట పక్కనున్న బండెక్కి ఉపన్యాసం అందుకున్నాడు. మొదట పట్నం గురించి చెప్పాడు. తరవాత తన గురించి చెప్పాడు. ఆ తరవాత మళ్లీ తన గురించే చెప్పాడు. భుజం మీది తోక జారి గుట్టలో పడిన సంగతి చూసుకోలేదు. తోక చివర వెచ్చగా అనిపించింది. జనం అభిమానం అనుకున్నాడు.

ఎట్టకేలకు దొరగారు వచ్చారు. "కొబ్బరికాయ కొట్టడానికి రాయేదోయ్?" అన్నారు. ఎదురుగా ఉన్న గుట్టకేసి కొట్టారు. కాయ ఒక్క దెబ్బకే పగిలింది.

"భలే రాయి! మరి కాంక్రీటేదీ?" అని అడిగారు.

అదే కాంక్రీటు. పార వేస్తే ఠంగుమంది. లింగోజీ హడలిపోయి బండ దిగబోయాడు. తోక రాలేదు. ఇందాక వాడి మాటలకి నవ్విన జంతువులే ఇప్పుడు వాడిని చూసి పడీపడీ నవ్వాయి.

గవరమ్మ గడ్డపార తెచ్చి గుట్ట పగలగొట్టింది. తోక చివర గుమ్మడికాయంత ముద్ద మాత్రం ఊడలేదు.

ఆ మర్నాడే గవరమ్మ మామూలు కాంక్రీటుతో స్లాబు పోసింది. గడ్డి కప్పింది. చుక్కమ్మ రోజూ వచ్చి నీళ్లు పోసింది. తొలి వానకి వంతెనని మోసే ఒడ్డుగోడలో చిల్లు పడి నీళ్లు ఊరాయి. "ఒరేయ్ లింగోజీ, నీ మూట ఒకటేమైనా మిగిలిందా?" అని గవరమ్మ అడిగింది. మిగిలిన మూట తెచ్చిచ్చాడు. పిడికెడు పిడికెడు కలిపి చిల్లులో నొక్కింది. కాసేపట్లో ఊట ఆగింది.

వాగు పొంగింది. చుక్కమ్మ పసిబిడ్డ గంతులేస్తూ వంతెన దాటింది. ఆ తల్లి కళ్లు తుడుచుకుంది.

పక్కడవి నుంచి చూడవచ్చిన కుందేలు అడిగింది: "ఇంత మంచి వంతెనకి శంకుస్థాపన రాయేదీ?"

"అదుగో, చెట్టెక్కలేక నడిచిపోతోంది," అంది గవరమ్మ.

నీతి: ఏ సరుకు ఏ పనికో తెలుసుకోకుండా గొప్పలకు పోతే, అది గోడకు పట్టదు, మన తోకకే పడుతుంది.