చుట్టాలైపోయిన రోగులు

కొండవాగు ఒడ్డున అడవి జంతువులకు ఒక వైద్యశాల ఉండేది. వైద్యం కొంగది, పెత్తనం నక్కది. కొంగ పనిమంతురాలే గాని హడావిడి మనిషి. నయమైందని పంపినవాళ్లు నాలుగు రోజులకే మూలుగుతూ తిరిగొచ్చేవాళ్లు. అది విని సింహం చాటింపు వేయించింది: "నెల తిరక్కుండా ముగ్గురు రోగులు మళ్లీ వైద్యశాలలో చేరితే నక్క కొలువు ఊడుతుంది."

మందు జాగ్రత్తగా వేస్తారని రాజు ఆశ. తలుపు గట్టిగా వేయాలని నక్కకు అర్థమైంది.

ముసలి ఎద్దు గిట్టలో దిగిన తుమ్మముల్లును కొంగ పీకి పంపింది. ఆరో రోజుకు కాలు వాచిపోయింది. మర్నాడే మంద వాగు దాటి కొత్త మేతకు పోతుంది. నడవలేకపోతే తోడేళ్లు తిరిగే ఒడ్డున తానొక్కటే మిగలాలి. ఎద్దు కుంటుకుంటూ వైద్యశాలకు వచ్చింది.

గుమ్మంలోనే నక్క అడ్డం పడింది. "ఏం మామా, అప్పుడే మా మీద గాలి మళ్లిందా? నెల కాలేదుగా!"

"వాపుకు నెలలు తెలుస్తాయా అల్లుడూ? పక్కకు జరుగు."

లోపలి నుంచి కొంగ అరిచింది. "రానీ! ముల్లు మొన విరిగి లోపల ఉండిపోయుంటుంది."

"నువ్వు ఊరుకో పిన్నీ, నా కొలువు పోతే నీ గూడూ పోతుంది" అని కసిరి, నక్క ఎద్దుకు చింతచెట్టు చూపించింది. "ఆ నీడన పడుకో మామా. అక్కడున్నవాళ్లు రోగులు కారు, మా చుట్టాలు."

చెట్టు కింద అప్పటికే ఒక జింక, రెండు కుందేళ్లు మూలుగుతున్నాయి. ఎద్దు కోపం దిగమింగుకుని వాటి పక్కన కూలబడింది.

సాయంత్రం సింహం తనిఖీకి వచ్చింది. లోపల పడకలన్నీ ఖాళీ.

"ఒక్కరూ తిరిగి రాలేదా?"

"ఒక్కరూ లేరు ప్రభూ! అంతా తమరి ఆజ్ఞ మహిమ."

"మరి ఆ చెట్టు కింద ఎవరు?"

"మా చుట్టాలు ప్రభూ. చూసిపోదామని వచ్చారు."

సింహం మెచ్చుకోలుగా తలూపింది. ఎద్దు ఎన్నడూ అబద్ధం చెప్పి ఎరగదు, అందుకని ఆలోచించి నోరు విప్పింది. "చుట్టాలమేనంట ప్రభూ. పొద్దుట్నుంచీ ఉన్నాం, కాళ్లకు నీళ్లిచ్చిన పుణ్యాత్ముడు లేడు."

సింహం ముఖం ఎర్రబడింది. "ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్లకు నీళ్లివ్వవా? నా కొలువులో ఉండి ఇంత మర్యాద తక్కువా? వంగలేని ముసలి ప్రాణం, నువ్వే కడుగు!"

నక్క ముంతతో నీళ్లు తెచ్చింది. గిట్ట పట్టుకోగానే ఎద్దు రంకె వేసింది. చీము కారింది. అందులో నల్లని ముల్లుమొన అందరికీ కనబడింది. సింహం జింక కాలూ, కుందేళ్ల వీపులూ తానే చూసింది.

"ఎందరు తిరిగొచ్చారో చెప్పమన్నాను, ఎందుకొచ్చారో అడగలేదు. ఆ తప్పు నాది" అంది సింహం. "వచ్చినవాళ్లను బయట పడుకోబెట్టిన తప్పు నీది. ఇకనుంచి తిరిగొచ్చిన రోగినే ముందు చూడాలి. పెత్తనం కొంగది. నువ్వు వాళ్ల కాళ్లు కడుగు."

కొంగ ఈసారి తొందరపడకుండా మొన లాగి, పసరు కట్టింది. తెల్లవారాక మంద వాగు దాటుతుంటే అందరికంటే వెనక, కాస్త నెమ్మదిగా, తన నాలుగు కాళ్ల మీద ఎద్దు దాటింది. ఆవలి గట్టున పచ్చిగడ్డి కొరికి, హాయిగా నెమరు వేసుకుంది.

నీతి: రోగిని లెక్కలోంచి తీసేసినంత మాత్రాన రోగం ఒంట్లోంచి పోదు.