మర్నాడు నిలబడ్డ రోకలి

"కళ్ళెదుట రుజువు చేసి చూపిస్తే జనం నమ్మకుండా ఎలా ఉంటారు గురువుగారూ?"

ఈ ప్రశ్న వేసింది శశిభూషణ్. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి ఆశ్రమానికి వచ్చినవాడు. మా శిష్యులందరిలో చిన్నవాడు, తొందర మాత్రం అందరికన్నా ఎక్కువ. మా గురువు పరమేశయ్యగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "అయితే చేసి చూపించు, నేనూ చూస్తాను" అన్నారు.

కుర్రాడి బాధ ఊరికే వచ్చింది కాదు. ముందురోజు సూర్యగ్రహణం. ఆశ్రమంలో వంట చేసే నూకరత్నం, కడుపుతో ఉన్న కోడలు మౌనికను చీకటిగదిలో పడుకోబెట్టి, గ్రహణం విడిచేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. పెరట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపే రోకలి నిలబడుతుందని, విడవగానే దానంతటదే పడిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందని చూపించేస్తే, వచ్చే గ్రహణానికి ఆ పిల్ల కడుపు మాడదని శశి ఆశ.

అందర్నీ పెరట్లోకి పిలిచాడు. అదే పళ్ళెం, అదే రోకలి. జాగ్రత్తగా నిలబెట్టి చెయ్యి తీశాడు. నిలబడింది. వాడి మొహం వెలిగిపోయింది.

నూకరత్నం గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో, గ్రహణం ఇంకా వదల్లేదన్నమాట" అంటూ, వసారాలో అప్పుడే మొదటి ముద్ద కలుపుకుంటున్న కోడలి ముందు నుంచి కంచం తీసేసింది. పిల్లను మళ్ళీ గదిలోకి పంపి తలుపు వేసింది.

శశి ఆకాశంలోకి చెయ్యి చూపించాడు. పైన సూర్యుడు నిండుగా, మాడు పగిలేలా కాస్తున్నాడు. పాలు పోసే సత్తిరాజు కనీసం తలెత్తలేదు. "నిన్నటిది మనకి చెప్పిన గ్రహణం బాబూ. ఇది చెప్పని గ్రహణం. ఎన్నికల ముందు ఇలాంటివి బయటికి రానిస్తారా?" అన్నాడు. సెల్ టవర్లు వచ్చాక గ్రహణాలు వేళకి విడవడం మానేశాయని తోటమాలి వంత పాడి, ఫోనులో ఎవరో పంపిన వీడియో కూడా తీశాడు. శశి రోకలి బరువంతా నిలిచే బిందువు, గరిమనాభి గురించి చెప్పబోతే, అది ఏ రాశిలో ఉందని నూకరత్నం భయంభయంగా అడిగింది. నవ్వే సమయం కాదని తెలిసి కూడా నాకు నవ్వు ఆగలేదు.

అంతలో గది కిటికీలోంచి మౌనిక పిలిచింది. "శశి అన్నా, కళ్ళు తిరుగుతున్నాయి. నీకు పుణ్యం ఉంటుంది, దాన్ని పడెయ్యి."

నా నవ్వు అక్కడితో చచ్చింది. వాడు రోకలి దాకా వెళ్ళి ఆగిపోయాడు. పడేస్తే వాళ్ళ మాటే నెగ్గుతుంది. పడెయ్యకపోతే ఆ పిల్ల పస్తు. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. ఇక ఏడుపొక్కటే తక్కువ.

పరమేశయ్యగారు తాపీగా నడిచి వచ్చి, కాలి బొటనవేలితో రోకలిని ఇంత తోశారు. అది దబ్బున పడింది. అందరూ రోకలినీ చూశారు, ఆయన కాలినీ చూశారు. చూసి, "హమ్మయ్య, విడిచింది" అని ఊపిరి పీల్చుకున్నారు. సత్తిరాజు విడుపు సమయం ఫోనులో ఎక్కించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. నూకరత్నం పరుగున వెళ్ళి కోడలికి వేడన్నం పెట్టి, అడక్కుండానే నెయ్యి వేసింది.

శశి పడిపోయిన రోకలిని చేతిలోకి తీసుకున్నాడు. "వాళ్ళ అబద్ధాన్ని మీరే నిజం చేశారు గురువుగారూ" అన్నాడు.

ఆయన మౌనిక రెండోసారి పప్పు వడ్డించుకోవడం చూస్తూ, "ముందు తిననియ్యి నాయనా" అన్నారు. "చెయ్యి కడుక్కుని వచ్చాక, ఈసారి రోకలి ఆ పిల్ల చేతికివ్వు. తనే నిలబెట్టి, తనే పడేసి చూసుకుంటుంది."