చేదారగించిన తల్లి

నల్లకోన దారిలో మూడో మలుపు తిరగగానే, గుడి గోపురం కంటే ముందు నారింజ పూల వాసన యాత్రికులకు ఎదురొస్తుంది. గర్భగుడి వెనుకనున్న ఆ చెట్టే ఈ క్షేత్రానికి పెద్దదిక్కు. దాని కాయ పులిహోరకూ ఊరగాయకూ, ఎండిన తొక్క నలుగుపిండికీ పనికివస్తాయి. అంత కమ్మని వాసన మధ్య కొలువైన అమ్మవారికి 'చేదారగించిన తల్లి' అనే పేరు ఎందుకు వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ నాంచారమ్మ అనే ఆవిడ అమ్మవారికి నైవేద్యం వండేది. నారింజ పులిహోర చేయడంలో ఆమెది అందె వేసిన చేయి. ఆమె ఒక్కగానొక్క కూతురు రంగనాయకి వేవిళ్ళతో పుట్టింటికి వచ్చింది. ఐదో నెల వచ్చినా వాంతులు తగ్గలేదు. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవక పిల్ల చిక్కి పుల్లయింది. "ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే ఉంటే తల్లీబిడ్డల్లో ఎవరూ దక్కరమ్మా" అని మంత్రసాని చెప్పిన ఉదయం, నాంచారమ్మ చేతులు పొయ్యి దగ్గర, ప్రాణం కూతురి దగ్గర ఉన్నాయి. పోపు దింపాక పిండవలసిన రసాన్ని తొక్కలతో సహా మూకుట్లోనే మరిగించేసింది. నివేదనకు ముందు రుచి చూడకూడదు కనుక తప్పు తెలియలేదు.

నివేదన అయ్యాక ప్రసాదం నోట వేసుకున్న అర్చకుడు అదిరిపడ్డాడు. "ఎంత పని చేశావు నాంచారమ్మా! అమ్మకు కటిక చేదు పెట్టావు. రేపటినుంచి వంటకు రావద్దు" అన్నాడు.

ఎవరూ ముట్టని ఆ గిన్నె పట్టుకుని ఆమె చెట్టుకింద కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మిట్టమధ్యాహ్నపు నీడలో కన్ను మూతపడింది. కలలో నారింజ పూలు రాలుతూనే ఉన్నాయి, నేలను మాత్రం తాకడం లేదు. పచ్చచీర కట్టిన ముత్తైదువ ఒకతె ఎదురుగా బాసింపట్టు వేసుకుని, గిన్నెలోది వేళ్ళు నాకుతూ తింటున్నది.

"అమ్మా, అది చేదు" అంది నాంచారమ్మ సిగ్గుపడుతూ.

"తెలుసులేవే! అందరూ తీపి వండి తెచ్చి, బాధ నోటితో చెబుతారు. నువ్వు బాధనే వండి పెట్టావు. నాకు సగం చాలు. మిగతాది పిల్లకు పెట్టు."

మెలకువ వచ్చేసరికి గిన్నె సగమే ఉంది. నాంచారమ్మ పరుగున ఇంటికి వెళ్ళి కూతురి నోట ముద్ద పెట్టింది. ముద్ద నిలిచింది. రెండో ముద్ద రంగనాయకే అడిగింది. ఆ మాట విన్నాక తల్లి మనసు కుదుటపడింది. నెలలు నిండి పండంటి ఆడపిల్ల పుట్టింది. సంగతంతా విన్న అర్చకుడే వచ్చి నాంచారమ్మను మళ్ళీ వంటకు పిలిచాడు.

నేటికీ ఇక్కడ నైవేద్యం వండే వంతు, కూతురు కడుపుతో ఉన్న తల్లులదే. అలా వండినవారి ఇంట సుఖప్రసవం జరుగుతుందని భక్తుల నమ్మకం. వాళ్ళ మనసు వంటమీద ఉండదని మాత్రం అందరికీ తెలుసు. ఒకనాడు ఉప్పు మరచిపోతారు, ఒకనాడు మాడుస్తారు. ఏది పెట్టినా కళ్ళకద్దుకుని తినాలి. తల్లి వండినదానికి వంక పెట్టకూడదన్నది ఈ గుడిలో ఉన్న ఒకే ఒక్క నియమం.